పొరుగు ఋణము

మన గ్రామములలో నొకడు క్రొత్తగా ఇల్లు కట్ట దలచినప్పుడు ముందుగా పొరుగువారి నడుగు నాచారము కలదు. వాననీరు ఎటు పోవును? చూరు ఎవరి దొడ్డిలోనికి దిగును? గోడ యెవరి హద్దుమీద లేచును? బండి తిరుగుటకు సందు మిగులునా? ఈ ప్రశ్నలకు పెద్దల యెదుట సమాధానము చెప్పుకొనిన పిదపనే శంకుస్థాపన జరుగును. ఇది యే గ్రంథమందును వ్రాయబడిన శాస్త్రము కాదు; అయినను దీనిని మీఱినవాడు ఊరిలో తలయెత్తుకొని తిరుగలేడు. తన చూరునీరు పొరుగింటి గోడను నానబెట్టుచుండగా, సంక్రాంతినాడు ఆ యింటికి పది అరిసెలు పంపి తాను మంచి పొరుగువాడనని చెప్పుకొనువానిని మనమేమందుము? అరిసెలు పుచ్చుకొందుము, మర్యాదకు నవ్వుదుము, గోడమాట మాత్రము మఱవము.

మన కాలమున అనేక గ్రామములకు ఒక క్రొత్త పొరుగువాడు వచ్చి చేరినాడు. ఆతనికి కన్నులు లేవు, చెవులు లేవు, కులగోత్రములు లేవు. అయినను చట్టము ఆతనిని వ్యక్తి యనియే పిలుచుచున్నది. ఆతడు భూమి కొనగలడు, అమ్మగలడు, అప్పు చేయగలడు, న్యాయస్థానమున వాదిగను ప్రతివాదిగను నిలువగలడు. ఆ పొరుగువాడే కంపెనీ. ఆతని చూరునుండి దిగునది వాననీరు కాదు. కాలువలో కలియు రంగునీరు, పైరుపై వ్రాలు ధూళి, అర్ధరాత్రమున ఊపిరికి తగులు ఆవిరి. హక్కుల విషయమున వ్యక్తియైనవాడు ధర్మముల విషయమునను వ్యక్తి కావలయును గదా! ఈ పొరుగువాడు ఊరివారితో నెట్లు మెలగుచున్నాడు, ఎట్లు మెలగవలయును అను విషయమునే యీ వ్యాసమున విచారింప దలచితిమి.

మేము కర్మాగారములకు విరోధులము కాము. మా యొద్ద చదివిన బాలురలో పలువురు నేడు కర్మాగారములలో పనిచేసి తలిదండ్రులను పోషించుచున్నారు. చెల్లెండ్ర పెండ్లిండ్లు చేసినవారును, తమ్ములను పట్టణమున చదివించుచున్నవారును వారిలో కలరు. వానకై ఆకాశము చూచి కూర్చుండు మెట్టపొలములవారికి నెలజీతము ఎంతటి యూరటయో మేము కన్నులార చూచితిమి. మందులు, ఎరువులు, ఇనుము, విద్యుత్తు వలదనువాడెవడును లేడు. కావున కర్మాగారము ఉండవలయునా వలదా యను వాదము మాది కాదు. వచ్చిన పొరుగువాడు పొరుగువానివలె నుండవలయు ననుటయే మా వాదము.

ఇప్పుడు కంపెనీలు ఊళ్లకు చేయు ఉపకారములు మొదట చెప్పవలయును. 2013వ సంవత్సరపు కంపెనీల చట్టమున 135వ విభాగముగా నొక నిబంధన చేరినది. అది 2014 ఏప్రిలు 1వ తేదీ మొదలుకొని అమలునకు వచ్చినది. 500 కోట్ల రూపాయల నికర విలువయో, 1000 కోట్ల వ్యాపారమో, 5 కోట్ల నికరలాభమో గల కంపెనీ ప్రతియు, గడచిన మూడేండ్ల సగటు లాభములో నూటికి 2 వంతునకు తక్కువ గాకుండ సంఘమేలునకై వ్యయము చేయవలయునని దాని సారాంశము. తాను పనిచేయు ప్రాంతమునకును దాని పరిసరములకును ప్రాధాన్య మిమ్మనియు నందు చెప్పబడినది. దీనినే సామాజిక బాధ్యత యని వ్యవహరించుచున్నారు. ఈ నిబంధనవలన ఊళ్లలో మరుగుదొడ్లు లేచినవి, మంచినీటి యంత్రములు వెలసినవి, బడులకు గదులు వచ్చినవి. ఇది మేలు కాదనుట కృతఘ్నత.

మేము పనిచేయు పాఠశాలకు కొన్ని సంవత్సరముల క్రిందట దాపున నున్న యొక కర్మాగారమువారు నలువది బల్లలును, ఒక నీటిశుద్ధి యంత్రమును ఇచ్చిరి. అంతవఱకు క్రింది తరగతుల పిల్లలు నేలమీదనే కూర్చుండిరి. బల్లలు వచ్చిననాడు వారి సంతోషము ఇంతింత యనరాదు. పందిరి వేసిరి, ద్వారమునకు అడ్డముగా బట్టపలక కట్టిరి, ప్రతి బల్లవీపునను కంపెనీ పేరు, పలకమీద మేము వ్రాయు అక్షరములకంటె పెద్ద అక్షరములతో నుండెను. వచ్చిన యుద్యోగి చిన్నవాడు, సౌమ్యుడు. ఆతడు ఇంగ్లీషున మాటలాడగా మేము తెనుగు చేసి వినిపించితిమి. ఉపన్యాసము ముగిసిన పిదప ఎవరికైన సందేహములున్న అడుగుడని ఆతడు మర్యాదకు పలికెను. ఎనిమిదవ తరగతి బాలిక యొకతె లేచి నిలుచుండి, "సార్, మీ ఫ్యాక్టరీలో ఏం చేస్తారండీ? రాత్రిళ్లు వచ్చే ఆ వాసన దేనిదండీ?" అని యడిగెను.

పందిరి క్రింద ఒక్క నిమిషము నిశ్శబ్దమయ్యెను. ఆ యుద్యోగి నవ్వి, బాగుగ చదువుకొమ్మని బాలికకు చెప్పి, మిఠాయి పంచుటకు సైగ చేసెను. పిమ్మట ఉపాధ్యాయుల గదిలో తేనీరు త్రాగుచు మాతో నిజమే చెప్పెను. తనది దానముల శాఖ, తాను ఆ కర్మాగారపు లోపలి యార్డును ఒక్కసారి మాత్రమే చూచెను, అందేమి నిలువయుండునో తనకు నిశ్చయముగా తెలియదు, తెలిసినవారు భద్రతాశాఖవారు, వారికి ఊరివారితో మాటలాడు పని లేదు.

ఆ మాట మమ్ము చాలదినములు వెంటాడినది. చెడ్డవాడెవడును లేడు, ఎవడును అబద్ధమాడలేదు. అయినను ఊరితో మాటలాడువానికి కర్మాగారము తెలియదు; కర్మాగారము తెలిసినవాడు ఊరితో మాటలాడడు. నోరొకచోట, ఎఱుక యొకచోట నుండు పొరుగువానితో సంభాషణ యెట్లు సాగును? మా బాలిక యడిగినది బల్లలను గూర్చి కాదు, గోడను గూర్చి.

దానమునకును ఋణమునకును గల యీ భేదమును మేము క్రొత్తగా కల్పించుట లేదు. సామాజిక బాధ్యతా నియమములే దానిని చెప్పుచున్నవి. 2021లో సవరింపబడిన ఆ నియమముల ప్రకారము, ఇతర చట్టములవలన కంపెనీకి విధిగా నేర్పడిన పనులకై చేసిన వ్యయము సామాజిక బాధ్యతలోనికి రాదు. తన వస్తువుల ప్రచారమునకై చేసిన వ్యయమును రాదు. అనగా పొగగొట్టమునకు జల్లెడ పెట్టుటయు, మురికినీటిని శుద్ధిచేయుటయు, ప్రమాదమును గూర్చి ఊరివారికి చెప్పుటయు ధర్మకార్యములుగా లెక్కకెక్కవు. అవి తీర్పవలసిన అప్పులు. అప్పు తీర్చినవాడు దాత యని పేరు పెట్టుకొనరాదు. దానము చేసినవాడు అప్పు తీఱెననియు భావింపరాదు.

ఆ యప్పులలో ముఖ్యమైనవి రెండు. మొదటిది ఎఱుకపఱచుట, రెండవది అడుగుట.

ఎఱుకపఱచుట ఎంత యవసరమో మన దేశము మిక్కిలి వెలపెట్టి నేర్చుకొనినది. 1984 డిసెంబరు 2వ తేదీ రాత్రి, 3వ తేదీ తెల్లవాఱకముందు, భోపాలు నగరమున యూనియన్ కార్బైడ్ కర్మాగారమునుండి మిథైల్ ఐసోసయనేట్ అను విషవాయువు వెలువడి వేలకొలది జనులను పొట్టనబెట్టుకొనినది. ఆ గోడప్రక్కనే పూరిండ్లలో కాపురమున్నవారికి లోపల నిలువయున్న పదార్థము పేరు తెలియదు; అది వెలువడినచో ఏమి చేయవలయునో అంతకన్న తెలియదు. తడిగుడ్డ ముఖమునకు కప్పుకొనుడని వారికి ముందుగా నేర్పినవారు లేరు. పిల్లలనెత్తుకొని పరుగెత్తినవారు పరుగువలన మఱింత లోతుగ ఊపిరి పీల్చి మఱింత విషమును మ్రింగిరి.

ఆ ఘోరము పిదప మన శాసనకర్తలు మేలుకొనిరి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమునకు 1987లో చేర్చిన సవరణలలో నొకటి యిట్లు విధించినది: అపాయకరమైన పని జరుగు కర్మాగారపు అధిపతి, అందలి ప్రమాదములను, ఆరోగ్యమునకు గలుగు హానిని, వానికి ప్రతిక్రియలను, పనివారికిని, తనిఖీ యధికారికిని, స్థానిక సంస్థకును, పరిసరములందలి సామాన్యజనులకును తెలియజేయవలయును. తరువాత వచ్చిన 2020 నాటి వృత్తి భద్రతా స్మృతియు ఈ విధిని విడువలేదు. 1989 నాటి అపాయకర రసాయనముల నియమములు, పెద్ద ప్రమాదమునకు గురికాగల వారందఱికిని ఆ ప్రమాదస్వరూపమును, అప్పుడు చేయదగిన, చేయరాని పనులను ముందుగా చెప్పవలయుననినవి. 1996 నాటి నియమములు ప్రతి పారిశ్రామిక ప్రాంతమునను ఒక స్థానిక విపత్సంఘ ముండవలయుననినవి. అందు అగ్నిమాపకాధికారి, పోలీసు అధికారి, వైద్యులు, కర్మాగారముల ప్రతినిధులు మాత్రమే కాక గ్రామపెద్ద, స్థానిక పత్రికాసంపాదకుడు, సంఘసేవకులును ఉండవలయునట. ఎంత చక్కని కూర్పు! చదివినపుడు మాకు స్మృతికారుల వచనములు జ్ఞాపకమునకు వచ్చినవి. ధర్మమంతయు చెప్పబడినది, ఆచరించువానిని మాత్రము వెదకుకొనవలయును.

పాఠకులు తమ యూరి విపత్సంఘమున ఎవరెవరు సభ్యులో ఒకసారి జ్ఞప్తికి తెచ్చుకొన యత్నింతురు గాక.

2020 మే 7వ తేదీ తెల్లవాఱుజామున మూడు గంటల ప్రాంతమున విశాఖపట్టణమునకు చేరువ వెంకటాపురమున నేమి జరిగెనో తెనుగువా రెవ్వరును మఱవలేదు. ఆ కర్మాగారము 1961లో హిందుస్థాన్ పాలిమర్స్ అను పేర స్థాపింపబడి, 1997లో కొరియా దేశపు ఎల్‌జీ సంస్థ వశమైనది. 2020 మార్చి కడపట దేశమంతటను రాకపోకలు నిలిపివేయబడిన నాటినుండి పని యాగి యుండెను. తొట్టిలోని స్టైరీను మాత్రము అట్లే నిలిచియుండెను. స్టైరీనును చల్లగా నుంచవలయును. వేడి యెక్కినకొలది అది తనలో తాను గట్టిపడుచు మఱింత వేడిని పుట్టించును. ఆ వేడికి లేచిన యావిరి నిద్రించు ఇండ్లలోనికి దిగినది. పండ్రెండుగురు మరణించిరి, వందలకొలది జనులు ఆస్పత్రుల పాలైరి. రాష్ట్ర ప్రభుత్వము నియమించిన ఉన్నతాధికార సంఘము తన నివేదికలో చెప్పిన విషయములలో నొకటి మాకు తక్కిన వన్నిటికంటె దుఃఖకరముగ తోచినది. ప్రమాదఘంటను మ్రోగించు మీటలు ఆ కర్మాగారమున 36 చోట్ల నున్నవి. ఆ రాత్రి ఒక్కటియు మ్రోగింపబడలేదు.

యంత్రము చెడవచ్చును, లెక్క తప్పవచ్చును, మనుష్యుడు చేసిన వస్తువేదియు సర్వదా నిర్దుష్టము కాదు. కాని పొరుగువానిని నిద్రలేపుటకు శాస్త్రజ్ఞాన మక్కఱలేదు. ఇల్లంటుకొనినపుడు కేక వేయుట పశులకాపరియు నెఱుగును. ఊరే తరువాత పెరిగి కర్మాగారమును చుట్టుకొనినదని కొందఱు చెప్పుదురు. నగరము ఆ వైపునకు పెరిగిన మాట నిజమే. అయినను పొరుగువాడెప్పుడు వచ్చెనను లెక్క చెప్పవలసిన ధర్మమును తగ్గింపదు. ఇండ్లు దగ్గఱకు వచ్చినకొలది కేక మఱింత బిగ్గరగ వేయవలయును.

చెప్పినచో జనులు బెదరిపోవుదురని కంపెనీలవారు తఱచుగా సమాధానము చెప్పుదురు. ఈ మాట మా గృహిణుల యెదుట చెప్పదగినది కాదు. నేడు పల్లెటింటనైనను వంటయింటి మూల గ్యాసు బండ యున్నది. అది యెంతటి అపాయకరమైన వస్తువో పొయ్యి ముట్టించు ప్రతి యిల్లాలికిని తెలియును. ఆ గ్యాసుకు స్వభావముచేత చెప్పుకొనదగిన వాసన లేదు. అది కాఱినను ముక్కునకు తెలియదు. అందుచేత దానిని నింపువారు మెర్కాప్టాన్ అను మిక్కిలి దుర్గంధముగల పదార్థమును బహుస్వల్పముగ అందు కలుపుదురు. వాసన వచ్చినచో అగ్గిపుల్ల గీయవలదు, విద్యుత్తు మీట నొక్కవలదు, కిటికీలు తెఱువుము, బండ మూతిని కట్టివేయుము అని ప్రతి యింట చెప్పబడినది. మన తల్లులు బెదరి పొయ్యి మానుకొనిరా? లేదు, జాగ్రత్త నేర్చుకొనిరి. అక్షరము రాని ముసలమ్మ సయితము పడుకొనబోవుముందు బండమీట కట్టి, ముక్కుతో నొకసారి పరీక్షించి మఱి దీప మార్పుచున్నది.

వాసన లేనిదానికి వాసన కల్పించి యైనను ప్రమాదమును తెలియజేయవలయు నన్న బుద్ధి గ్యాసు విషయమున పుట్టినది. అదే బుద్ధి కర్మాగారపు గోడప్రక్క ఎందులకు పుట్టరాదు? గ్యాసును కొనువాడు ఖాతాదారుడు. ఆతడు బెదరిన అమ్మకము తగ్గును. గోడప్రక్కవాడు ఆ కంపెనీ వస్తువును కొనడు; ఆతడు అమ్మకపు లెక్కలో లేడు. భేదమంతయు నిందే యున్నదని మాకు తోచుచున్నది. పొరుగువానిని ఖాతాదారునంత గౌరవముతోనైనను చూడుడని యడుగుట అత్యాశ యగునా?

ఇక రెండవ ఋణము అడుగుట. క్రొత్తగా పెద్ద కర్మాగారమును స్థాపింపబోవునప్పుడు పరిసర గ్రామముల జనుల నడిగి తెలిసికొనవలయునని మన పర్యావరణ నిబంధనలు 1997 నుండియు చెప్పుచున్నవి. 2006 సెప్టెంబరు నాటి ప్రకటన దాని పద్ధతిని విశదముగ నిర్ణయించినది. ముప్పది దినములు ముందుగా ప్రాంతీయభాషా పత్రికయందు ప్రకటింపవలయును. జిల్లా కలెక్టరుగాని ఆతని తరఫున తగిన యధికారిగాని అధ్యక్షత వహింపవలయును. వచ్చిన ప్రతి మనుష్యునికిని ప్రశ్న యడుగు నవకాశ మీయవలయును. సభ యంతయు చిత్రీకరింపవలయును. చివర జనులు చెప్పినదానిని వారి భాషలోనే చదివి వినిపింపవలయును. దీనినే ప్రజాభిప్రాయసేకరణ మందురు.

ఇంత జాగ్రత్తగా వ్రాసినవారు మఱియొక వాక్యమును కూడ వ్రాసిరి. సభ యారంభించుటకు ఇంతమంది యుండవలయునను నియమము లేదు. గ్రామమంతయు అలిగి యింట కూర్చున్నను, భయపడి రాకున్నను, పొలమున నాట్లు పడుచున్నందున రాలేకున్నను సభ జరిగినట్లే.

మఱియొక చిక్కు భాషది. పూర్తి నివేదిక ఇంగ్లీషున నుండును. సంగ్రహము మాత్రము దేశభాషయందును ఈయవలయును. ఒకానొక సభకు పదిదినములు ముందు ఒక రైతు అట్టి తెనుగు సంగ్రహమును మా యింటికి తెచ్చి, "మాష్టారూ, ఇది తెలుగేనంటున్నారు, కాస్త తెలుగులో చెప్పండి" అనెను. చదివి చూచితిమి. సంస్కృతమున కావ్యనాటకములు చదివిన మాకును ఆ సమాసములు విడదీయుటకు ఇంగ్లీషు మూలమును ప్రక్కన బెట్టుకొనవలసి వచ్చెను. పరివేష్టిత వాయుగుణతా ప్రమాణములట. ఉపశమన చర్యా ప్రణాళికయట. ఆ రైతునకు కావలసిన సంగతులు రెండే: తన బావినీరు త్రాగుటకు పనికివచ్చునా? వేసవిలో బోరు ఎండునా? ఆ రెండింటికి సమాధానము నివేదికలో లేకపోలేదు; పెద్ద సంపుటమున, పట్టికల నడుమ, అంకెల రూపమున నుండెను. దానిని వెదకి తీసి, కాగితముమీద పది వాక్యములలో వ్రాయుటకు మాకు రెండు సాయంకాలములు పట్టినది. అంత పెద్ద కంపెనీకి అట్టి పది వాక్యములు వ్రాయగల యొక తెనుగు ఉపాధ్యాయుని నియమించుట ఎంత వ్యయము?

2020లో కేంద్రప్రభుత్వము ఈ నిబంధనలను మార్చుటకై యొక ముసాయిదాను ప్రకటించినది. ముప్పది దినముల గడువును ఇరువదికి తగ్గించుట అందలి యొక సూచన. ఆ ముసాయిదాయే దేశభాషలలో లేదని దావా పడగా, రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలునందలి భాషలన్నిటిలోనికిని దానిని అనువదింపుడని ఢిల్లీ హైకోర్టు 2020 జూను 30వ తేదీన ఆదేశించినది. తెలియని భాషలో అడిగినది అడుగుటయే కాదని ఒక న్యాయస్థానము గుర్తించుట మా వంటి భాషోపాధ్యాయులకు ఊరట.

అడుగకపోవుటవలన నేమగునో శ్రీకాకుళము జిల్లా సోంపేట చెప్పినది. అచ్చటి బీల యను చిత్తడినేలలమీద విద్యుత్కేంద్రము కట్టుటకు నాగార్జున కన్‌స్ట్రక్షన్ కంపెనీ పూనుకొనినది. ఆ నీటినే నమ్ముకొనిన రైతులును మత్స్యకారులును వలదనిరి. ఎవరును వినలేదు. 2010 జూలై 14వ తేదీన పోలీసు కాల్పులలో ఇద్దఱు మరణించిరి. అదే దినమున జాతీయ పర్యావరణ అప్పీలు ప్రాధికార సంస్థ ఆ కేంద్రమునకు లోగడ నిచ్చిన యనుమతిని రద్దుచేసెను. ఆ రెండు వార్తలును ఒకే దినపు పత్రికలలో చదివిన మాకు నోట మాట రాలేదు. ముందే చెవియొగ్గి వినియున్న యెడల కంపెనీకి ధనమును, తల్లులకు బిడ్డలును దక్కియుండెడివారు.

అడిగినపు డేమగునో మన సరిహద్దుననున్న ఒడిశాలోని నియమగిరి చెప్పినది. ఆ కొండమీది బాక్సైటు త్రవ్వకమును గూర్చి అచ్చటి గ్రామసభలే నిర్ణయింపవలయునని సుప్రీంకోర్టు 2013 ఏప్రిలు 18వ తేదీన తీర్పు చెప్పినది. జిల్లా న్యాయాధీశుని స్థాయిగల అధికారి పరిశీలకుడుగా కూర్చుండగా, అడవి నడుమ పండ్రెండు పల్లెలలో సభలు జరిగినవి. పండ్రెండు పల్లెలును వలదనినవి. అక్షరము నేర్వని డోంగ్రియా కోందు స్త్రీపురుషులు తమ భాషలో, తమ కొండక్రింద నిలిచి చెప్పిన మాట ప్రభుత్వ దస్తావేజులకెక్కినది. ఒక్క బొట్టు రక్తము ఆ సభలలో చిందలేదు.

అడిగినచో కాదందురను భయముతోనే యడుగుట మానుచున్నారని మాకు తెలియును. అన్ని యూళ్లును నియమగిరులు కావు. కొన్ని ఊళ్లు ఔననును. కొన్ని షరతులమీద ఔననును. ఉద్యోగము లిన్ని, నీరింత, గొట్టముండు తావిది యని బేరమాడును. మన రాష్ట్రమునుండియే వెళ్లిన సమత కేసులో సుప్రీంకోర్టు 1997లో, గిరిజన ప్రాంతములలో గనులు త్రవ్వు కంపెనీ నికరలాభములో నూటికి 20 వంతులకు తగ్గకుండ ఆ ప్రాంతపు మేలునకై శాశ్వతనిధిగా నుంచవలయునని చెప్పినది. పొరుగువానికి పాలున్నదనుట ఈ దేశమున వినబడని మాట కాదు. కాదను స్వాతంత్ర్యము గలవాడు ఔననిన మాటకే విలువ.

ఇక మనవంతు. మన మడుగనిదే చెప్పువారు తక్కువ. ఈ పత్రిక చదువు గృహస్థులును గృహిణులును, తమ యింటికి దాపున కర్మాగారమున్న యెడల, అయిదు ప్రశ్నలను కాగితముమీద వ్రాసి పంచాయతీద్వారమున ఆ కంపెనీకి పంపుదురు గాక. లోపల నిలువయుండు అపాయకర పదార్థమేది? అది వెలువడినచో దాని గుర్తు ఏమి? ప్రమాదఘంట ఎట్లు మ్రోగును, ఏ దినమున దానిని పరీక్షింతురు? మ్రోగినపుడు ఇంటిలో నుండవలయునా, వెడలవలయునా, ఏ దిక్కునకు? దాని విరుగుడు ఏ యాస్పత్రిలో నున్నది?

ఈ ప్రశ్నలు ఊరక యడుగునవి కావు. కొన్ని ఆవిరులు గాలికంటె బరువై నేల నంటి ప్రాకును, కొన్ని తేలిపోవును. ఒకదానికి తలుపులు మూసికొని సందులలో తడిగుడ్డలు క్రుక్కి లోపలనుండుట మేలు. మఱియొకదానికి గాలి వీచు దిక్కునకు అడ్డముగ దూరము పోవుట మేలు. పదార్థము పేరు తెలియనిదే ఏది చేయవలయునో తెలియదు. సమాధానము వచ్చినచో దానిని వంటయింటి గోడమీద పంచాంగము ప్రక్కన అంటింపుడు. రానిచో మరల వ్రాయుడు. చెప్పుట వారి విధి యని చట్టము పేరుతో వ్రాయుడు.

ఉపాధ్యాయ సోదరులకును ఒక విన్నపము. భోపాలు మృతుల స్మృత్యర్థము డిసెంబరు 2వ తేదీని జాతీయ కాలుష్య నివారణ దినముగా పాటించుచున్నాము. ఆనాడు వ్యాసరచన పోటీ పెట్టి, బహుమానము పంచి, ఇండ్లకు పోవుచున్నాము. దానికి మాఱుగ ఆ దినమున కర్మాగారపు భద్రతాశాఖవారినే బడికి పిలిచి, పిల్లల ప్రశ్నలకు తెనుగున సమాధానము చెప్పుడని కోరుదము. గాలి యెటు వీచుచున్నదో ధ్వజస్తంభపు గంటలనుబట్టియు, పొగనుబట్టియు కనుగొనుట పిల్లలకు నేర్పుదము. వారు ఇంటికి పోయి తల్లులకు నేర్పుదురు.

ప్రజాభిప్రాయసేకరణ సభలలో ముందువరుస కుర్చీలు పురుషులతో నిండుట మేము చూచితిమి. నీరు తోడువారు, పొయ్యి వెలిగించువారు, రాత్రి బిడ్డ దగ్గిన లేచువారు స్త్రీలు. ఏ నీటికి రంగు మాఱెనో, ఏ గాలికి బిడ్డ దగ్గెనో వారికే ముందు తెలియును. రాబోవు సభకు మన యింటి స్త్రీలు పోవుదురు గాక. వెనుక నిలువక ముందు కూర్చుండి, తమ నీటిని గూర్చియు, గాలిని గూర్చియు తమ మాటలతోనే యడుగుదురు గాక. ఆ మాటలు ఉన్నవి ఉన్నట్లు వ్రాసికొనుటయు, సభ చివర తెనుగున చదివి వినిపించుటయు అధికారుల పని. చదివినదానిలో తమ మాట యున్నదో లేదో విని మఱి లేచుట మన పని.